నాన్నను వదులుకోకుండా నాన్న మాట కాదనడం

చిన్నప్పుడు నాన్న మాటే ఇంటికి చట్టం. కాలేజీ దాటేసరికి ఆ మాట మీద లోపల ఎక్కడో సందేహం మొదలవుతుంది. ఆ సందేహం వచ్చినందుకు చాలామంది కుర్రాళ్ళు తమను తామే తప్పుపట్టుకుంటారు. ‘కన్నతండ్రి మీద అనుమానమా’ అని దాన్ని అణిచేస్తారు. అణిచినది ఎక్కడికీ పోదు. అందుకే వాళ్ళ కంటికి రెండే దారులు కనిపిస్తాయి: తలవంచి ఒప్పుకోవడం, లేదంటే ఒకరోజు సంచి సర్దుకుని వెళ్ళిపోవడం. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. తండ్రి పట్ల విధేయత వయసుతో మారుతుంది, మారాలి కూడా. అది ద్రోహం కిందికి రాదు. ఆ మార్పు ఎప్పటికప్పుడు మాటల్లోకి రాకపోతేనే ప్రమాదం. మాట దొరకని విధేయత చివరికి చేష్టగా బయటపడుతుంది. ఆ చేష్ట ఖరీదు చాలాసార్లు ఏ సంబంధమూ లేనివాళ్ళు చెల్లిస్తారు. కాబట్టి ఒప్పుకోవడానికీ తెంచుకోవడానికీ మధ్య ఉన్న చోటును వాడుకోవడం నేర్చుకోవాలి. అది పుట్టుకతో వచ్చే గుణం కాదు, సాధనతో వచ్చే నైపుణ్యం.

ఇందుకు సాక్ష్యంగా రెండు కథల్ని తీసుకుందాం. కథలు ఎందుకంటే, ఇంట్లో తండ్రికీ కొడుక్కీ మధ్య జరిగే ఈ మార్పు బయటివాళ్ళకు కనపడదు. అనుభవిస్తున్నవాడికి కూడా పూర్తిగా తెలియదు. వాడికి కోపం తెలుస్తుంది, ఆ కోపం ఏ మాట దగ్గర మొదలై ఏ మాట దగ్గర గట్టిపడిందో తెలియదు. మంచి కథకుడు ఆ క్రమాన్ని మెల్లగా నడిపి చూపిస్తాడు. గణాంకాలు ఎంతమంది ఇల్లు విడిచారో చెబుతాయేమో గానీ, విడిచే ముందు లోపల ఏం జరిగిందో చెప్పలేవు.

రెండు పంచాయితీలు, ఇద్దరు కొడుకులు

మొదటి కథ మన ప్రాంతానిదే. శ్రీకాకుళం జిల్లా మురపాకలో 1924లో పుట్టి, విశాఖపట్నం సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో దాదాపు మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పిన కాళీపట్నం రామారావు, అందరి కారా మాస్టారు, 1960ల మధ్యలో రాసిన ‘యజ్ఞం’. ఆయనకు 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి ఈ కథే తలమానికం. సుందరపాలెం అనే ఊళ్ళో ఒక బాకీ తగాదా. షావుకారు గోపన్నకు అప్పల్రాముడు అనే చిన్న రైతు అప్పుపడ్డాడు. తీర్చలేకపోయాడు. వ్యవహారం ఊరిపెద్ద శ్రీరాములు నాయుడి ముందుకు వచ్చింది. నాయుడు దుర్మార్గుడు కాడు. ఊరి బాగు కోరినవాడని, ధర్మం తప్పనివాడని పేరున్న మనిషి. కష్టమంతా అక్కడే ఉంది. అంతటి మనిషి ధర్మం చెబితే కాదనడానికి అప్పల్రాముడికి నోరు రాదు. ఊరు బాగుపడుతున్న కొద్దీ తాను ఎందుకు చితికిపోయాడో అతను చెప్పుకుంటాడు. అయినా చివరికి ఉన్న కాస్త భూమీ వదులుకుని బాకీ తీర్చడానికి ఒప్పుకుంటాడు. మాట నిలబెట్టుకోవడం అతనికి పరువు. కొడుకు సీతారాముడికి మాత్రం ఆ పరువు వెనక రాబోయేది కనిపిస్తుంది. భూమి పోతే తనూ, తన తర్వాత తన కొడుకూ పరాయి కళ్ళాల్లో కంబార్లుగా, అంటే పాలేర్లుగా బతకాలి. అతని అభ్యంతరం ఆ సభలో నిలవదు. కథ ముగిసే చోట సీతారాముడు తన పసికొడుకును తన చేతులతోనే చంపి తెచ్చి, పంచాయితీ ముందు పడేస్తాడు.

ఆ ముగింపు మీద తెలుగు సాహిత్యంలో దశాబ్దాల పాటు వాదోపవాదాలు నడిచాయి. అది వ్యవస్థ మీద తిరుగుబాటా, నిస్సహాయతా, నమ్మదగినదేనా అన్న ప్రశ్నలు ఇంకా చల్లారలేదు. మనకు ఇక్కడ కావలసింది ఇంకొకటి. ఒక కొడుకు తన తండ్రి తీర్పు మీద నమ్మకం పోగొట్టుకున్నాడు, ఆ పోయిన నమ్మకానికి సభలో విలువ దొరకలేదు, విలువ దొరకనప్పుడు అతను చేసిన పనికి బలైంది తండ్రీ కాదు, షావుకారూ కాదు, ఊరిపెద్దా కాదు. ఆ సభతో ఏ లావాదేవీ లేని ఒక పసిబిడ్డ.

రెండో కథ అమెరికాలోని మిసిసిపీది. విలియం ఫాక్నర్ రాసిన ‘బార్న్ బర్నింగ్’ 1939లో హార్పర్స్ పత్రికలో వచ్చింది. అదీ ఒక తగవుతోనే మొదలవుతుంది. అబ్నర్ స్నోప్స్ అనే కౌలుదారు తనతో తగవుపడ్డ ఆసామి గాదెకు నిప్పు పెట్టాడని అభియోగం. న్యాయాధికారి ఒక కొట్లోనే కోర్టు నడుపుతున్నాడు. అబ్నర్ పదేళ్ళ కొడుకు సార్టీని సాక్ష్యం చెప్పమని పిలుస్తారు. నాన్న కోసం అబద్ధం చెప్పక తప్పదని ఆ పిల్లాడికి తెలుసు. చివరికి వాణ్ని ప్రశ్నించకుండానే వదిలేస్తారు. అయినా ఆ రాత్రి తండ్రి వాణ్ని కొడతాడు. నిజం చెప్పేసేవాడివని నాకు తెలుసు, సొంత రక్తాన్ని అంటిపెట్టుకోవడం నేర్చుకో అని హెచ్చరిస్తాడు. కొత్త ఊళ్ళో కొత్త భూస్వామి మేజర్ డి స్పెయిన్. అబ్నర్ కావాలనే ఆయన ఇంటి ఖరీదైన తివాచీ పాడుచేస్తాడు. మళ్ళీ కోర్టు. కొడుకు మళ్ళీ నాన్న వైపే. నాన్న ఏమీ తగలబెట్టలేదని అరుస్తాడు. అక్కడ నడుస్తున్నది నిప్పు కేసు కాదు, తివాచీ కేసు. వాడి విధేయత ఎంత గుడ్డిదో, నాన్నకు ఎంత చేటు చేయగలదో ఆ ఒక్క కేకలో తెలిసిపోతుంది. చివరి రాత్రి తండ్రి మళ్ళీ నూనె డబ్బా అందుకుంటాడు. పిల్లాడు తల్లి చేతుల్లోంచి విడిపించుకుని పరుగెత్తి మేజర్‌ను హెచ్చరిస్తాడు. వెనక తుపాకీ పేలిన చప్పుడు. ఆ తర్వాత కూడా తన తండ్రి అంతర్యుద్ధంలో వీరుడని తనకు తాను చెప్పుకుంటాడు. అబ్నర్ ఆ యుద్ధంలో దోపిడీ సొమ్ము కోసమే తిరిగాడన్న సంగతి పాఠకుడికి తెలుసు, వాడికి తెలియదు. వాడు ఇంటికి పోడు, మేజర్ ఇంటికీ పోడు. అడవిదారి పట్టి నడిచిపోతాడు.

మాట ఎక్కడ ఆగిపోతుంది

సుందరపాలేనికీ మిసిసిపీకీ మధ్య దూరం ఎంతైనా ఈ రెండు కథల నిర్మాణం ఒకటే. రెండింట్లోనూ కొడుకు విధేయత ఒక బహిరంగ తగవులో పరీక్షకు నిలుస్తుంది. రెండింట్లోనూ తండ్రి చెడ్డవాడని చెప్పి సరిపెట్టుకోలేం. అప్పల్రాముడు నిజాయితీపరుడు. అబ్నర్ క్రూరుడే, కానీ పేదవాడి చెమట మీద కట్టిన భవనాన్ని చూసి అతనికి కలిగే కోపంలో న్యాయం బొత్తిగా లేదనలేం. అన్నిటికంటే ముఖ్యం, రెండిళ్ళలోనూ ‘నాన్నా, ఇది తప్పు’ అనడానికీ, ఆ మాట విని నాన్న ఆలోచించడానికీ చోటు లేదు. ఒకచోట ఊరి ధర్మం ఆ చోటును మూసేసింది, రెండోచోట తండ్రి చెయ్యి మూసేసింది. విధేయుడిగా ఉండటానికీ పూర్తిగా తెంచుకోవడానికీ మధ్య మెట్లు లేనప్పుడు, పైనుంచి దిగదలచుకున్నవాడు దూకాల్సిందే.

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన ఒక చిన్న పుస్తకం ఈ సంగతికి మంచి వివరణ ఇస్తుంది. ఏ సంస్థయినా దిగజారుతున్నప్పుడు అందులోని మనిషి ముందు రెండు దారులుంటాయని ఆయన గమనించాడు: వదిలి వెళ్ళిపోవడం, లేదా గొంతు విప్పి సరిదిద్దే ప్రయత్నం చేయడం. విధేయత ఉన్న మనిషి వెంటనే వెళ్ళిపోడు. ఆగి మాట్లాడతాడు. అంటే విధేయతకు అసలు విలువ అది మాటకు ఇచ్చే గడువులో ఉంది. ఆయన ప్రధానంగా రాసింది వ్యాపార సంస్థల గురించీ పార్టీల గురించీ రాజ్యాల గురించీ. కానీ ఇంటికి అన్వయించి చూస్తే తండ్రులకు ఒక సంగతి తేటతెల్లమవుతుంది. కొడుకు ఎదురు మాట్లాడుతున్నాడంటే వాడింకా ఈ ఇంట్లోనే ఉండదలచుకున్నాడని అర్థం. మాట్లాడటం మానేసిన రోజు అసలు భయపడాలి. ఎదురు మాట్లాడని కొడుకును బుద్ధిమంతుడని మెచ్చుకునే ఇళ్ళు, ఆ మౌనం విధేయతో వీడ్కోలో తేల్చుకునే సాధనాన్నే పోగొట్టుకుంటున్నాయి.

ఇంకో సంగతి కూడా ఈ కథల్లో ఉంది, అది కొడుకులు గుర్తించాల్సింది. అప్పల్రాముడు తన కొడుక్కి తండ్రే, కానీ శ్రీరాములు నాయుడి ముందు అతనే ఒక కొడుకులా నిలబడ్డాడు. అతని నోట వచ్చిన ఒప్పుకోలు అతని సొంత ఆలోచనలోంచి పుట్టింది కాదు. పెద్దాయన మాట మీద గౌరవంతో, ఊరి చూపుకు భయపడి వచ్చింది. మన ఇళ్ళలోనూ నాన్న మాటగా వినిపించేది చాలాసార్లు నాన్నది కాదు. అది పెదనాన్నది కావచ్చు, కులపెద్దలది కావచ్చు, ఆఫీసులో తోటివాళ్ళది కావచ్చు, నలభై ఏళ్ళ కిందటి కాలానిది కావచ్చు. కొడుకు కోపం మాత్రం దాన్ని మోసుకొచ్చిన మనిషి మీద పడుతుంది. ‘ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?’ అని అడగగలిగితే తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చోవాల్సిన తగవులో చాలాసార్లు పక్కపక్కన కూర్చోవచ్చు.

దువ్వాడలో ఈ ప్రశ్న

ఈ ప్రశ్నను పరీక్షించడానికి దువ్వాడను మించిన చోటు అరుదు. ఒకపక్క ఉక్కునగరం, మరోపక్క ప్రత్యేక ఆర్థిక మండలి కంపెనీలు, ఆ పక్కనే ఇంజనీరింగ్ కాలేజీలు, విశాఖ స్టేషన్‌లోకి వెళ్ళకుండా తిన్నగా సాగిపోయే రైళ్ళు ఆగే స్టేషన్. తండ్రి తరం, కొడుకు తరం ఒకే రోడ్డు మీద ఎదురుపడే ఊరు ఇది. ఇక్కడి తండ్రులు ‘పర్మినెంటు ఉద్యోగం’ అని పట్టుపడతారంటే దాని వెనక చరిత్ర ఉంది. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ప్లాంటు జాతికి అంకితమైంది 1992లో. ఈ క్రమంలో చుట్టుపక్కల ఊళ్ళకు ఊళ్ళే భూములిచ్చి లేచిపోయాయి. నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు చాలా కుటుంబాల్లో పట్టాదారు కాగితమంత విలువైనదిగా బీరువాలో ఉండిపోయింది. ఆ కార్డు మీద ఉద్యోగం వచ్చిన ఇల్లూ ఉంది, ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇల్లూ ఉంది. భూమి ఇచ్చి ఉద్యోగం తెచ్చుకున్న తండ్రికి ఆ ఉద్యోగం జీతం మాత్రమే కాదు, పోయిన పొలానికి బదులు.

అదే తండ్రి కొడుకు వేరే కాలంలో పెరిగాడు. 2021 జనవరి 27న ప్లాంటులో ప్రభుత్వ వాటా నూటికి నూరు శాతం ఉపసంహరించుకోవాలని కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయించింది. కూర్మన్నపాలెం జంక్షన్లో దీక్షా శిబిరాలు వెలిశాయి. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ఇంతలో స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలూ వచ్చాయి. ‘గవర్నమెంటు ఉద్యోగం అంటే జీవితాంతం భరోసా’ అన్న తండ్రి మాట తండ్రి కళ్ళముందే కదిలిపోయింది. అయితే ‘ప్రైవేటులో నైపుణ్యం ఉంటే చాలు’ అన్న కొడుకు మాట కూడా అంత గట్టిది కాదు. ఐటీ ఉద్యోగాలకూ ఊడే రోజులొచ్చాయి. ఇద్దరి మాటల్లోనూ ఒక కాలం అనుభవం ఉంది, ఒక కాలం గుడ్డితనం ఉంది. తండ్రి మాటను 1966 నుంచి చదివితే అది మొండితనంగా కనపడదు. కొడుకు మాటను 2021 నుంచి చదివితే అది తలపొగరుగా కనపడదు. ఒకరి మాటను ఇంకొకరు తేదీతో సహా చదవడం మొదలైతే, ఎవరి మాట నెగ్గాలన్న పోటీ పక్కకు పోయి ఏ మాట ఇప్పటికి పనికొస్తుందన్న లెక్క మొదలవుతుంది.

అలాంటి లెక్క ఎలా ఉంటుందో విజయనగరం కథకుడు చాగంటి సోమయాజులు ‘ఎంపు’ కథలో చూపించారు. బిచ్చమెత్తుకునే ముసలి తండ్రి, పెళ్ళీడుకొచ్చిన కూతురు. ఆమె మనసు కుంటివాడి మీద ఉంది. తండ్రి గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు. తండ్రిని కాబట్టి వినమనడు. ఆ బతుకులో ఎవరికి ఎంత ముష్టి పడుతుందో, ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉంటారో లెక్క చెబుతాడు. ఆ లెక్క మనకు నచ్చినా నచ్చకపోయినా ఒక సంగతి కాదనలేం. అక్కడ మాట నెగ్గింది అధికారంతో కాదు, కారణంతో. కారణం చెప్పిన తండ్రికి కూతురు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా బంధం మిగులుతుంది. ఆజ్ఞ ఇచ్చిన తండ్రికి ఒప్పుకున్నప్పుడే మిగులుతుంది.

ఎదురయ్యే అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం పెద్దది. పితృవాక్య పరిపాలన మన సంస్కృతికి పునాది కదా, రాముడు ప్రశ్నించాడా అంటారు. వాల్మీకి రామాయణాన్ని నిదానంగా చదివితే దశరథుడికి రాముడు అడవికి వెళ్ళడం ఇష్టం లేదు. నన్ను బంధించి నువ్వే రాజ్యం తీసుకో అని కూడా అంటాడు. రాముడు ఆ కోరికను మన్నించలేదు. తండ్రి ఇచ్చిన మాటను నిలబెట్టాడు, తండ్రి మనసులోని కోరికను పక్కనపెట్టాడు. అంటే పితృభక్తికి పెద్ద ఉదాహరణగా చెప్పే ఘట్టంలో కూడా కొడుకు ‘నాన్న చెప్పిన వాటిల్లో దేనికి నేను కట్టుబడాలి’ అని విడదీసి నిర్ణయించుకున్నాడు. రెండో సాక్ష్యం దువ్వాడకు దగ్గర్లోనే ఉంది. సింహాచలం స్థలపురాణానికి మూలం తండ్రి మాట కాదన్న కొడుకు. హిరణ్యకశిపుడు కొండమీంచి తోయించినా ప్రహ్లాదుడు మాట మార్చుకోలేదు. భాగవతంలో ఆ కథ అంతటితో ముగియదు. తండ్రి పోయాక ప్రహ్లాదుడు నరసింహుణ్ణి అడిగిన వరం తన తండ్రి పాపం పోవాలని. తర్వాత అంత్యక్రియలూ తనే చేశాడు. తీర్పును ఒప్పుకోకపోవడం, తండ్రిని విడిచిపెట్టకపోవడం రెండూ ఒకే మనిషిలో ఉండగలవని లక్షలాది భక్తులు ఎక్కే ఆ కొండ చెబుతోంది. సంస్కృతి ఇద్దరినీ పూజిస్తున్నప్పుడు ఒక్కరినే ఉదాహరణగా చూపడం సంస్కృతికి న్యాయం చేయడం కాదు.

రెండో అభ్యంతరం కృతజ్ఞత గురించి. ఫీజులు కట్టాడు, డబుల్ షిఫ్టులు చేశాడు, సైటు అమ్మి చదివించాడు, అలాంటి నాన్నను కాదనడం కృతఘ్నత కదా అని. రుణం నిజమే. తీర్చాల్సింది ఏ రూపంలో అన్నదే ప్రశ్న. ఇక్కడ మన చట్టం నడిచిన దారి ఆలోచించదగింది. తండ్రి చేసిన బాకీ తీర్చడం కొడుక్కి పవిత్ర బాధ్యత అని పాత హిందూ న్యాయం చెప్పేది, కోర్టులూ అమలు చేసేవి. అప్పట్లోనే జూదానికీ తాగుడికీ చేసిన అప్పులు కొడుక్కి అంటవన్న మినహాయింపు ఉంది. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, ఆ తర్వాత చేసిన అప్పులకు ఆ పవిత్ర బాధ్యత ఒక్కటే ఆధారంగా కొడుకు మీద దావా నడపడానికి వీల్లేకుండా చేశారు. తండ్రి ఆస్తి తీసుకున్నవాడికి ఆ ఆస్తి మేరకు వచ్చే బాకీ వేరే సంగతి. రెండేళ్ళ తర్వాత, 2007లో, వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ పిల్లల బాధ్యత అంటూ ఇంకో చట్టం వచ్చింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తండ్రి చేసిన లావాదేవీకి తలవంచాలన్న బాధ్యత సడలింది, తండ్రికి అన్నం పెట్టాలన్న బాధ్యత బిగిసింది. విధేయతనూ సంరక్షణనూ చట్టం విడదీసింది. కృతజ్ఞతను సంరక్షణతో తీర్చవచ్చు. పెళ్ళి, చదువు, ఉద్యోగం, నమ్మకం లాంటి జీవితాంతం మోయాల్సిన నిర్ణయాలతో తీర్చబోతే, ఆ బరువు ఏదో ఒకరోజు మళ్ళీ తండ్రి మీదికే నిందగా తిరిగొస్తుంది.

మూడో అభ్యంతరం ఇంకా పదునైనది. సీతారాముడికి కావలసింది మాట్లాడే చోటు కాదు, భూమి. అబ్నర్ లాంటివాడి ముందు పదేళ్ళ పిల్లాడు ఎంత మర్యాదగా మాట్లాడితే ఏం లాభం? ఇది ఒప్పుకోవాల్సిన అభ్యంతరమే. మాట అన్ని సమస్యలనూ తీర్చదు. అప్పు, కులం, భూమి లేకపోవడం లాంటివి తండ్రీకొడుకుల సంభాషణతో తొలగిపోవు. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో చట్టం రావాల్సి వచ్చింది. అలాంటి చోట కొడుకు చేయగల మంచి పని, తండ్రిని శత్రువుగా చూడటం మాని ఇద్దరి మీదా ఉన్న బరువును చూడటం. ఇక కొట్టే తండ్రి, తాగి వచ్చి ఇంటిని భయపెట్టే తండ్రి విషయంలో ఈ అధ్యాయంలోని ఓపిక సలహాలు వర్తించవు. అక్కడ ముందు కావలసింది భద్రత. మేనమామో, అమ్మమ్మ ఇల్లో, టీచరో, పిల్లలైతే 1098 చైల్డ్ హెల్ప్‌లైనో, ఎవరో ఒకరి సాయం తీసుకోవాలి. సార్టీ పరుగెత్తడం తప్పు కాదు. వాడికి పరుగు తప్ప ఇంకేమీ మిగల్చకపోవడం పెద్దల తప్పు. అయితే వాడు మేజర్ పంచన చేరకపోవడం కూడా గమనించాలి. నాన్న మీద నమ్మకం పోయిన ఖాళీలోకి వెంటనే ఇంకో పెద్దమనిషిని, ఒక నాయకుణ్ణో గురువునో తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు ఎందరో. అది ఎదగడం అనిపించుకోదు, యజమానిని మార్చుకోవడం అనిపించుకుంటుంది.

ఆచరణలో ఏం చేయాలి

మొదటి పని, నాన్న మాటను విప్పి చూడటం. ప్రతి మాటలోనూ మూడు కలిసి ఉంటాయి: మీ మీద ప్రేమ వల్ల వచ్చే భయం, ఆయన బతికిన కాలం ఇచ్చిన అనుభవం, వాటిని బట్టి ఆయన చేసిన తీర్పు. ‘ఆ స్టార్టప్‌లో చేరొద్దు’ అన్నప్పుడు, జీతం ఆగిపోతే మీరేమైపోతారోనన్నది భయం. ప్లాంటు లాభాల్లో ఉన్న రోజులూ, జీతాలు ఆలస్యమైన రోజులూ రెండూ చూడటం అనుభవం. చేరొద్దనడం తీర్పు. మీకు తేడా ఉన్నది మూడో దానితో మాత్రమే. మొదటిదాన్ని గౌరవించండి, రెండోదాన్ని అడిగి తెలుసుకోండి, మూడోదాన్ని మాత్రమే కాదనండి. ‘మీకేం తెలుసు నాన్నా’ అన్న ఒక్క మాట మూడింటినీ కలిపి కొట్టేస్తుంది. అందుకే అది అంత గాయం చేస్తుంది. ‘మీరెందుకు భయపడుతున్నారో అర్థమైంది. ఆరు నెలలు జీతం రాకపోయినా నెట్టుకొచ్చే డబ్బు చేతిలో ఉంచుకున్నాకే చేరతాను’ అంటే, తీర్పు కాదన్నా భయానికి జవాబు చెప్పినట్టవుతుంది.

రెండో పని, చోటూ వేళా ఎంచుకోవడం. రెండు కథల్లోనూ కొడుకు సమస్య నలుగురి మధ్యకు వచ్చాక తేలింది. నలుగురి మధ్య తండ్రి తన ఆలోచన మార్చుకుంటే ఓడిపోయినట్టవుతుంది. అందుకే సభలో ఎవరూ మారరు. చుట్టాలు కూర్చున్న పెళ్ళిచూపుల రోజునో, అడ్వాన్సు ఇచ్చేసిన రోజునో, కౌన్సెలింగ్ ఆఖరి తేదీ నాడో చెప్పే అభ్యంతరం ఎంత న్యాయమైనదైనా తిరుగుబాటుగానే వినిపిస్తుంది. అదే మాట నెల ముందు, ఆయన నైట్ షిఫ్టు అలసట తీరాక, ఇద్దరే ఉన్నప్పుడు చెబితే అది సలహాగా వినిపించే అవకాశం ఉంది. మాటతో కుదరని ఇంట్లో కాగితం పని చేస్తుంది. ఒకటిన్నర పేజీ ఉత్తరం, అందులో ఆయన అభ్యంతరాలు ముందు, మీ జవాబులు తర్వాత. అమ్మను రాయబారిగా మాత్రం వాడకండి. మాట చేరవేసే పనిలో ఆమె రెండువైపులా దెబ్బలు తింటుంది, చివరికి సార్టీ తల్లిలా మిమ్మల్ని పట్టుకుని ఆపాల్సిన స్థితిలోకి నెట్టబడుతుంది.

మూడో పని, చిన్న విషయాల్లో కాదనడం అలవాటు చేసుకోవడం, చేయించడం. ఇరవై ఐదేళ్ళు ప్రతిదానికీ ‘సరే నాన్నా’ అన్నవాడు పెళ్ళి దగ్గర మొదటిసారి ‘కాదు’ అంటే, ఆ ఇంటికి ఆ పదం వినే అలవాటే ఉండదు. ఏ బైకు కొనాలి, ఏ బ్రాంచి తీసుకోవాలి, పండక్కి ఏ ఊరెళ్ళాలి లాంటి చోట్ల కారణంతో సహా కాదనండి. ఓడిపోయినప్పుడు మూతి ముడుచుకోకుండా ఒప్పుకోండి. కాదన్నవాడు కూడా రాత్రికి అన్నం తినడానికి పక్కన కూర్చుంటాడని, కాదన్నంత మాత్రాన కొడుకు పోడని నాన్నకు అనుభవం మీద తెలియాలి. ఆడపిల్లలకు ఈ సాధన ఇంకా అవసరం. కొడుకు కాదంటే కోపంగా చూసే ఇల్లు, కూతురు కాదంటే పరువు సమస్యగా చూస్తుంది. కాబట్టి ఆమె చదువూ, సొంత సంపాదనా, తనవైపు నిలబడే ఒక పెద్దమనిషీ ముందే సమకూర్చుకుని మాట్లాడటం పిరికితనం కాదు, జాగ్రత్త.

నాలుగో పని అన్నిటికంటే కఠినమైనది. మీ నిర్ణయం ఖరీదు ఎవరు చెల్లిస్తారో రాసుకోండి. ‘యజ్ఞం’లో మనల్ని వణికించేది ఇదే. సీతారాముడి కోపం న్యాయమైనది, దాని ఖరీదు మాత్రం మాటే రాని బిడ్డ మీద పడింది. మన ఇళ్ళలో అంత ఘోరం జరగకపోవచ్చు. అయినా అన్న తిరగబడితే చెల్లి చదువు ఆపేసిన ఇళ్ళున్నాయి. కొడుకు వెళ్ళిపోతే ‘నీ పెంపకమే ఇలా చేసింది’ అని అమ్మ జీవితాంతం మాట పడిన ఇళ్ళున్నాయి. మీ స్వేచ్ఛ ఖర్చు మీకంటే బలహీనుల మీద పడుతుంటే ఆగండి. నిర్ణయం మానుకోమని కాదు, ఆ ఖర్చు మీ భుజం మీదికి మళ్ళించుకునే ఏర్పాటు చేశాకే అడుగు వేయమని. చెల్లి ఫీజు మీరు కడతానని చెప్పండి. నిర్ణయం నాదే, అమ్మకు సంబంధం లేదని మీ నోటితో నాన్నకు చెప్పండి.

చివరి పని, కాదన్న తర్వాత చేయాల్సింది. చాలామంది కాదనడం వరకూ వచ్చి, ఆ ఇబ్బందికి తట్టుకోలేక ఫోను చేయడం మానేస్తారు. నాన్న కోపం తగ్గేదాకా ఎదురుచూస్తారు, ఆయనా మీ పిలుపు కోసమే ఎదురుచూస్తుంటాడు. కాదన్న వారంలోనే ఆయనకు సంబంధించిన ఒక పని చేయండి: షుగరు పరీక్షకు తోడు వెళ్ళడం, పీఎఫ్ కాగితాలు సర్దిపెట్టడం, ఇంటి పన్ను కట్టడం. అది క్షమాపణ కాదు, లంచం అంతకన్నా కాదు. తీర్పు మీద నమ్మకం మారింది, మనిషి మీద బాధ్యత మారలేదని చేతలతో చెప్పడం. ఈ పుస్తకం చదువుతున్నది తండ్రులైతే వాళ్ళు చేయాల్సిన పని ఇంకా చిన్నది. ఈ నెలలో ఒక్క విషయంలో మీ పిల్లలు మిమ్మల్ని కాదనేలా చూడండి, వాళ్ళ కారణం పూర్తిగా వినండి, అందులో న్యాయం ఉంటే అందరి ముందూ ఒప్పుకోండి. నాన్న ఒకసారి మాట మార్చుకోవడం చూసిన పిల్లలకు, రేపు పెద్ద విషయం వచ్చినప్పుడు ముందుగా మీ దగ్గరికే రావడానికి కారణం దొరుకుతుంది.